సీత ఆటకు ఆ పేరెందుకు

గడపకు అడ్డంగా గిడ్డమ్మ, లోపల కోడలు శివకుమారి. పొద్దున కొడుకు హనుమేష్ పత్తి లోడుతో ఎమ్మిగనూరు పోతూ, పెళ్ళాం హాల్ టికెట్టు తల్లి చేతిలో పెట్టి, "ఆయమ్మి గడప దాటితే నీదే పూచీ మా" అని పోయాడు. కాలేజీలో ఎవడితోనో నవ్వుతూ మాట్లాడిందని ఎవరో వాడి చెవిలో ఊదారు. అంతే, ఫోనూ పోయె, చదువూ పోయె. మధ్యాహ్నం రెండుకు ఆదోనిలో డిగ్రీ ఆఖరి పరీక్ష. పదకొండున్నర బస్సు తప్పితే మూడేళ్ళ చదువు గంగలో కలిసినట్టే.

కొడుకు మాట జవదాటడం గిడ్డమ్మ ఎరగదు. అయినా పిల్ల ముఖం చూసి ప్రాణం ఊరుకోక, అటక మీది వామనగుంటల పీట దించి గుప్పెడు చింతగింజలు పోసింది.

"ఇద్దరం ఆడదామా అత్తా?"

"నాకు సెనక్కాయలు వలిచే పనుండాది. ఒంటిగా ఆడేది ఒకటుండాదిలే, సీత ఆటంటారు."

గుంట గుంటకూ ఒక్కో గింజ తగ్గిస్తూ పేర్చి, ఎలా పంచుతూ పోవాలో చూపించింది. పంచగా పంచగా గింజలు మళ్ళీ మొదట పేర్చినట్టే వచ్చి కూర్చున్నాయి. గెలుపూ లేదు, ఓటమీ లేదు.

"దీనికా పేరెందుకొచ్చిందత్తా?"

కథంటే గిడ్డమ్మకు ఎక్కడలేని హుషారు. "రావణుడు ఎత్తుకపోయినాక, అశోకవనంలో సీతమ్మకు పొద్దుపోవాల గదా. ఎదురుగా కూచునే మనిషి లేక ఒక్కతే ఆడుకునిందంట. మా అత్త చెప్పింది. నేను కొత్తకోడలప్పుడు ఈ పీటే నా ముందర పెట్టి, ఆయమ్మ గడపలో కూచునేది."

"సీతమ్మ పారిపోకుండా కావలెవరుండిరత్తా?"

"ఆడోళ్ళే. రావణుడు ఆడోళ్ళనే..."

మాట సగంలో ఆపి, తను కూర్చున్న గడప కేసి చూసుకుంది. పిల్ల ఎత్తిపొడవలేదు, తలైనా ఎత్తలేదు. అయినా గిడ్డమ్మకు సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. ముప్పై ఏళ్ళ కిందట అత్తకు పెట్టిన శాపనార్థాలన్నీ ఇప్పుడు తన నెత్తినే పడ్డట్టయింది.

రొండిన దోపుకున్న హాల్ టికెట్టు తీసి కోడలి ఒళ్ళో పెట్టింది.

"లెయ్యమ్మీ. బస్సొచ్చే పొద్దయింది."

శివకుమారి లేచి గడప దాకా వచ్చి ఆగింది. "ఆయప్ప సాయంత్రమొచ్చి నిన్ను కొడితే?"

గిడ్డమ్మకూ అదే భయం. వాడు కొట్టేవాడే. గడప మీద నుంచి మెల్లగా లేచి పక్కకు జరిగింది.

"కొట్టనీమ్మీ. వాణ్ణట్లా పెంచింది నేనే గదా."