గడ్డం గీయించుకున్న చెట్టు

రండి, దగ్గరికి జరగండి. గోడకి చేరగిలబడ్డవాళ్ళు ముందుకు రండి, అంత దూరం వినిపించేలా అరిచే ఓపిక లేదు. ఆ మూల గుసగుసలు ఇక చాలు. పెళ్ళిసంబంధాల మాటలు రేపైనా చెప్పుకోవచ్చు, చెట్టుకి గడ్డం గీసిన మనిషి కథ రేపు దొరకదు. ఆ పొట్లం చప్పుడు కూడా ఆపితే మొదలుపెట్టేద్దాం.

అనగనగా ఒక వీధిలో సెలూన్ మావయ్య ఉండేవాడు. ఇంటి ముందుగదే ఆయన సెలూన్. రెండు తిరిగే కుర్చీలు, అంచు పగిలిన అద్దం, దువ్వెనలు నానేసిన గాజు సీసా, అంతే సామాను. కానీ ఆ చేతిలో కత్తి పడితే చూడాలి. ఎగిరే ఈగని పట్టుకుని, దాని మీసాలు నున్నగా తీసి, సంగతి దానికి తెలిసేలోపే వదిలేసేవాడు. నమ్మకపోతే ఆ ఈగనే అడగండి. మీసం మొలవని పడుచువాళ్ళు వచ్చి దిగులుపడితే, గీసేకొద్దీ గుబురుగా వస్తుందని ధైర్యం చెప్పి పంపేవాడు. అది పచ్చి అబద్ధమని ఆయనకీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాడు, ఒక్కడికీ వచ్చింది లేదు.

ముందుగది ఆయనదైతే పెరడు ఆయన భార్యది. ఆవిడని వీధంతా మొక్కలమ్మ అనేది. అందరూ పెంచే మొక్కల వైపు ఆవిడ కన్నెత్తి చూసేది కాదు. ముళ్ళ కొమ్మకి వేలాడే డ్రాగన్ పండు, వేళ్ళకి రంగంటించే నల్ల బెర్రీలు, ఇలాంటివే కావాలి. ఒక ఎర్రటి చిట్టిపండు ఉండేది. అది చప్పరించాక నిమ్మకాయ కొరికినా తియ్యగానే ఉంటుంది. తపాలా గుమాస్తా ఒకాయన అది తిని, ఆ ఊపులో పన్నెండు నిమ్మకాయలు నమిలేసి, మూడు రోజులు మూతి సున్నాలా చుట్టుకుని తిరిగాడు. ఈ గుమాస్తా తల మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా రోజూ సెలూన్‌కి వచ్చేవాడు, పేపరు ఊరికే చదువుకోవచ్చని.

ఇక అసలు చెట్టు సంగతి. దాని పేరు జబోటికాబా. సముద్రాల అవతలి చెట్టు. మావయ్య ఆ పేరు పలకబోయి రెండుసార్లు నాలుక కరుచుకుని, చివరికి దాన్ని ‘జంబో’ అని సరిపెట్టాడు. బొటనవేలంత మొక్కగా ఉన్నప్పుడు తెచ్చి నాటింది మొక్కలమ్మ. దానికి పుల్లటి మన్ను ఇష్టమని టీకొట్ల చుట్టూ తిరిగి వాడేసిన టీపొడి మోసుకొచ్చి పోసింది. పదకొండేళ్ళు పోసింది. చెట్టు ఇంటి చూరుని దాటింది కానీ పూత లేదు, పిందె లేదు.

మావయ్యకి ఆ చెట్టున్న చోట గది వేసి మూడో కుర్చీ పెట్టాలని ఆశ. వచ్చినవాళ్ళు గడప మీద కూర్చోలేక పక్క వీధికి పోతున్నారు. ఆ ఏడాది వానలు మొదలవగానే భార్యతో తేల్చి చెప్పేశాడు. వానలు వెలిసేలోపు ఒక్క కాయ చూపిస్తే చెట్టు ఉంటుంది, లేకపోతే గొడ్డలి దిగుతుంది.

“ఒక్కటి చాలా?” అంది ఆవిడ.

“ఒక్కటి చాలు.”

“మాట మీద ఉంటావుగా?”

ఉంటానన్నాడు.

వానాకాలం సగం గడిచింది. మొక్కలమ్మ వాళ్ళ అక్కకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే రెండు రోజులు చూసి వస్తానని బయల్దేరింది. కుండీలకి నీళ్ళు మరవొద్దని మూడుసార్లు చెప్పి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే మావయ్య చెంబు పట్టుకుని పెరట్లోకి వచ్చి, జంబో వైపు చూసి, ఉన్నచోటే బిగుసుకుపోయాడు. చెంబు జారి కాలి మీద పడింది. నొప్పి సాయంత్రం దాకా తెలియలేదు.

చెట్టుకి గడ్డం వచ్చింది. మొదలు నుంచి కొమ్మల దాకా కాండమంతా తెల్లటి నూగు, నెల రోజులు కత్తి తగలని ముసలాయన మొహంలా.

కొట్టేస్తానన్న మాట చెట్టు వినేసిందనుకున్నాడు మావయ్య. ఆ దిగులుకే రాత్రికి రాత్రి తెల్లబడిపోయిందనుకున్నాడు. బూజో, ముసలితనమో, ఏదైతేనేం, భార్య వచ్చి చూస్తే తట్టుకోలేదు. పాపం, ఉన్న నాలుగు రోజులైనా శుభ్రంగా ఉండనీ అనుకుని వేడినీళ్ళు పెట్టాడు. కాండానికి సబ్బు నురగ పట్టించాడు. తోలుపట్టీ మీద కత్తి నూరాడు. స్టూలెక్కి గీయడం మొదలుపెడితే మధ్యాహ్నమైంది. తేనెటీగలు గుంపుగా వచ్చి నెత్తిన మూగాయి. తువ్వాలుతో తోలాడు. గుమాస్తా పేపరు మడిచి వచ్చి, మీసం ఉంచితే హుందాగా ఉండేదని సలహా ఇచ్చాడు. చివర్లో పటిక రుద్ది, పౌడరు అద్ది దిగేసరికి చెట్టు పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది.

సాయంత్రం మొక్కలమ్మ వచ్చింది. మావయ్య పొంగిపోతూ చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. ఆవిడ చెట్టు మీద చేయి వేసి నిమిరింది. పౌడరు వాసన చూసింది. నేరుగా చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళి, ఎండిన నురగలోంచి చిటికెడు తెల్ల నూగు తీసి అరచేతిలో పరిచింది.

“ఇదేంటో తెలుసా?”

“బూజేగా.”

“పూలు. ఈ చెట్టు కొమ్మలకి పూయదు, కాండానికే పూస్తుంది, కాండానికే కాస్తుంది. చెబితే నవ్వుతావని చెప్పలేదు.” చెట్టు వైపు ఇంకోసారి చూసింది. “బాగా గీశావయ్యా. ఒక్కటి కూడా మిగల్లేదు.”

తిట్టి ఉంటే బతికిపోయేవాడు. ఆ మెప్పుకి మావయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు నుంచి ఆవిడ మాట్లాడటం మానేసింది. ఈగకి గాటు పడనివ్వని మనిషి ఒకాయన చెవి దగ్గర గాటు పెట్టేశాడు. కత్తి పక్కనపెట్టి, ఊళ్ళో ఉన్న టీకొట్లన్నీ తనే తిరిగి బస్తాలకొద్దీ టీపొడి తెచ్చి చెట్టు మొదట్లో పోశాడు. పొద్దున నాలుగు బకెట్లు, సాయంత్రం నాలుగు బకెట్లు నీళ్ళు. మూడో కుర్చీ ఊసే మరిచిపోయాడు.

ఒకరోజు వానలు వెలిశాయి. మబ్బు తునక లేదు. మొక్కలమ్మ గొడ్డలి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“మాట మాటే. కానివ్వు.”

వీధి వీధంతా గోడ మీద నుంచి చూస్తోంది. మావయ్య కాళ్ళీడ్చుకుంటూ చెట్టు దగ్గరికి వెళ్ళి, చివరిసారిగా కాండం మీద అరచెయ్యి వేశాడు. వేసినవాడు తియ్యలేదు. పైకి నిమిరాడు, కిందికి నిమిరాడు. కంటికి ఏమీ కనబడలేదు కానీ ముప్పై ఏళ్ళు చెంపలు తడిమిన చెయ్యి అది. దానికి తెలిసిపోయింది. గరగర. రెండు రోజుల గడ్డం.

“వస్తోందే,” అన్నాడు భార్య వైపు తిరిగి. “ముందుకన్నా గుబురుగా వస్తోంది.”

ఆవిడ వచ్చి తడిమింది. మొహం వెలిగి మళ్ళీ వాడిపోయింది. పువ్వు కాయవడానికి ఇరవై రోజులు కావాలి, వాన వెలిసిపోయింది, నీ మాటేమవుతుందని అడిగింది. మావయ్య గొడ్డలి పారేసి, బకెట్టు అందుకుని, నిచ్చెనేసుకుని ఇంటి కప్పెక్కి నీళ్ళు కుమ్మరించాడు. చూరు నుంచి ధారలు కట్టాయి.

“ఎక్కడ వెలిసింది?” అన్నాడు పైనుంచి. “మనింట్లో పడుతూనే ఉందిగా.”

మొక్కలమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చుకుంది. ఇరవై రోజులు ఆ ఒక్క ఇంటి మీదే వాన. ఎర్రటి ఎండలో గడ్డానికి వచ్చినవాళ్ళు కూడా గొడుగేసుకుని వచ్చేవాళ్ళు.

ఇరవై ఒకటో రోజు పొద్దున వీధి వీధంతా మళ్ళీ గోడ మీదకి ఎగబాకింది. చెట్టు మొదలు నుంచి చిటారు దాకా నల్లటి కాయలు, గోళీలంతేసి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, బెరడన్నది కనబడకుండా. నేల మీది వేళ్ళకి కాశాయి. మావయ్య ఎక్కిన చెక్కస్టూలు కాలికి కూడా నాలుగు కాశాయని కొందరంటారు. అబద్ధం, మూడే. మొక్కలమ్మ మొదటి పండు కోసి మొగుడి నోట్లో పెట్టింది. తొక్క టప్పున పగిలి తియ్యటి రసం గొంతులోకి దిగితే ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మూడో కుర్చీ తెప్పించి చెట్టు కిందే వేయించాడు.

ఆ కుర్చీలో మొట్టమొదట ఎక్కి కూర్చున్నది తపాలా గుమాస్తా. నున్నటి తల ముందుకి వంచి అన్నాడు కదా: “ఏమోయ్, ఆ చెట్టుకి పెట్టిన కత్తితోనే నాకూ ఒకసారి గీసెయ్. జుట్టు రాకపోతే మానె, కాసిని పండ్లయినా కాస్తాయి.”