నైరీ చుట్టిన కాయిల్

న్యూజిలాండ్‌లోని పిక్టన్‌లో, ఫెర్రీ రేవుకి ఎదురుగా, సిగరెట్ బదులు ఆవిరి పీల్చే సరుకు అమ్మే వేప్ కొట్టు పేరుకి కెల్విన్‌ది. పొద్దున్నే తాళం తీసేది మాత్రం వాళ్లావిడ నైరీ. టీకి కెటిల్ పెట్టి, కిటికీ పక్కన కూర్చుని, సన్నటి తీగని సూది చుట్టూ చుట్టి, మధ్యలోంచి పత్తి దూర్చి, చివర్లు కత్తిరించేది. ట్యాంకులో పోసిన రుచుల రసాన్ని వేడిచేసి ఆవిరి చేసే ఆ కాయిళ్లన్నీ ఆవిడ చేతివే. అమ్మడం, వాగడం కెల్విన్ వంతు.

నైరీ ఎవరికోసం చుడితే వాళ్లమీద ఆవిడ మనసులో ఏముందో అదే రుచి వచ్చేది. ఫెర్రీ ఆలస్యం కావడంలాగే ఊళ్లోవాళ్లు దీన్నీ మామూలు సంగతిగానే తీసుకునేవాళ్లు. మస్సెల్స్ అనే ఆల్చిప్పలు పట్టే పడవమీద పనిచేసే ముసలి టామా ట్యాంకు ఎప్పుడూ, జామపండులా ఘుమఘుమలాడే పండిన ఫీజోవా పండే. పోస్టు తెచ్చే రోండా నోరు జారిన వారం ఆవిడకి సబ్బు నీళ్లు. మర్నాడే తప్పైందన్నట్టు నిమ్మకాయల సంచి తెచ్చి బల్లమీద పెట్టి పోయేది. కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు ఏడాది పొడుగునా రబ్బరు కాలిన కంపు పీల్చాడు. బదిలీ అయి వెళ్లేరోజు మాత్రం అతనికి తేనె వచ్చింది. పీడా విరగడైందని నైరీ అంత హాయిగా చుట్టింది మరి. ఆ పిచ్చి మారాజు కొట్టుని మెచ్చుకుంటూ ఫెర్రీ ఎక్కాడు.

కెల్విన్‌కి కొట్టు పెట్టిన నాటినుంచీ మాడు వాసనే. ఆ కొట్టు పెట్టింది నైరీ వాళ్ల నాన్న పడవ అమ్మి. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట చూసి కెల్విన్ దాన్ని అమ్మేశాడు. తిరిగొచ్చి రేవులో ఖాళీ చోటు చూసి నిలబడిపోయిన మనిషితో, "నీకు పడవెందుకే, తెడ్డు పట్టుకోవడం వచ్చా?" అన్నాడు. వచ్చు. అతనికంటే బాగా వచ్చు.

ఆ పడవకీ ఈ మాడుకీ సంబంధం ఉందంటే కెల్విన్ ఒప్పుకోడు. "పత్తి గట్టిగా కుక్కావు, రసం ఎక్కట్లేదు," అనేవాడు, కొట్టునిండా జనం ఉండగా. నైరీ వదులుగా కుక్కేది. "ఇప్పుడు కారుతోంది. పదేళ్ల పిల్ల చేస్తుందే ఈ పని." కొత్త ట్యాంకు తెప్పించాడు. గాలి వచ్చే కంత తెరిచాడు, మూశాడు. వాట్లు తగ్గించాడు. చిక్కటి రసం పోస్తే ఆవిరి మేఘంలా వచ్చింది, కంపు కూడా అంత మేరా పాకింది. పల్చటిది పోస్తే రుచి ఇంకా బాగా తెలిసింది. దానికంటే మేఘమే నయమనుకున్నాడు.

"తప్పు ట్యాంకులో లేదేమో కెల్వ్, ఇంట్లో చూసుకో," అన్నాడు ఓసారి టామా.

"అవన్నీ కస్టమర్లకి, పెద్దాయనా. మొగుడూ పెళ్లాలకి వర్తించవు."

అలా అన్నవాడే, టామా మరిచిపోయి వెళ్లిన ట్యాంకుని ఓరోజు దొంగచాటుగా నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది. అలమారాల వెనక చాలాసేపు కూర్చుండిపోయాడు. తనకోసం చుట్టింది ఒక్కటి, ఒక్కసారి అలా వస్తే చాలని అతనికి ఎంత ఉండేదో ఎవరికీ చెప్పలేదు. నైరీకి అసలే చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున కొట్టు తాళం తీసే ఉంది, కెటిల్ మాత్రం చల్లగా ఉంది. కొత్త కాయిల్ వేసి, రసం పోసి, నానబెట్టిన అతని ట్యాంకు బల్లమీద ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంటుండగానే టామా రొప్పుతూ లోపలికొచ్చాడు.

"నైరీ ఫెర్రీ లైన్లో ఉంది కెల్వ్. పెద్ద సంచులు రెండు. ఎక్కడికమ్మా అంటే, పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పమంది నీకు."

కెల్విన్ ట్యాంకుతోనే మేకు దగ్గరికి వెళ్లి జాకెట్ అందుకున్నాడు. "పడవ సంగతి... తప్పు నాదేనని చెబుతాను," అని గొణిగాడు. ఆ మాట అతని నోట రావడం టామా ఎన్నడూ వినలేదు.

"చెప్పు. ఇంకా ఎవర్నీ ఫెర్రీ ఎక్కనివ్వట్లేదు. పరిగెత్తితే అందుతావు."

గుమ్మం దగ్గర అలవాటుకొద్దీ ఒక దమ్ము లాగాడు కెల్విన్. ఆగిపోయాడు. ఇంకోటి లాగాడు. చెట్టుమీదే ముగ్గి రాలిన ఫీజోవా, వాన తడితో సహా. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తియ్యగా ఉంది టామా."

టామా టోపీ తీసేశాడు. "ఆ ఇన్‌స్పెక్టరు సంగతి గుర్తు తెచ్చుకో, నాయనా. పరిగెత్తు."

"వాడికీ నాకూ పోలికేంటి? ఇలా చుట్టిపెట్టిన మనిషి మొగుణ్ణి వదిలేసి పోతుందా?" కెల్విన్ జాకెట్ మళ్లీ మేకుకి తగిలించాడు. "పళ్ల డాక్టరు దగ్గరికే. ఫెర్రీ అటు చేరే వెల్లింగ్టన్‌లో మంచివాళ్లుంటారు."

ఇన్నాళ్లూ మాడొస్తే ట్యాంకు తప్పు. తీపి వచ్చేసరికి పెళ్లాం ప్రేమ. టామాకి వాదించే ఓపిక లేక టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫెర్రీ కూత వేసింది. కెల్విన్ గాలి కంత ఇంకాస్త తెరిచి గుండెలనిండా లాగి వదిలాడు. కిటికీ అద్దమంతా తెల్లటి ఆవిరి కమ్ముకుంది, రేవు కనపడలేదు.

"సాయంత్రం రానీ, చెబుతాను దానికి," అనుకున్నాడు, "అచ్చం ఇలాంటివే ఇంకో నాలుగు చుట్టమని."

కొట్టు పెట్టాక మొదటిసారి కెటిల్ తనే పెట్టి, కప్పులు రెండు కడిగాడు.