హేమసుందర్ గుట్టెక్కిన శుక్రవారం

గుట్టలెక్కడం పెద్ద పనేమీ కాదని హేమసుందర్ అభిప్రాయం. ఎన్నడూ ఎక్కలేదు కాబట్టి ఆ అభిప్రాయం చెక్కుచెదరకుండా ఉంది. సౌదీలోని తబూక్‌లో సర్వే ఇంజనీరుగా మూడేళ్ల నుంచీ ఆయన చేసే పని ఒకటే. చదును నేల మీద మిషిన్ పెట్టుకుని, అద్దం బిగించిన కర్ర చేతికిచ్చి హెల్పరు బాలన్నను పైకి తరమడం. ఆ అద్దం కనబడగానే బటన్ నొక్కితే ఎత్తు వచ్చేది. రిపోర్టు కింద సంతకం మాత్రం హేమసుందర్‌ది.

2006 మే నెలలో చిక్కొచ్చిపడింది. ఊరికి దూరంగా ఒక రాతి గుట్ట నెత్తిన రెండు మడుగులున్నాయి. చలికాలపు మంచూ వానా వాటిలో నిలిచి, ఎండలు ముదిరేదాకా ఉంటాయి. ఆ నీటిని కిందికి మళ్లించాలని సర్వే. తీరా చూస్తే పాత మ్యాపులో ఉన్నదానికంటే మడుగుల ఎత్తు ముప్పై మీటర్లు తక్కువ వచ్చింది. తన లెక్క తప్పుతుందా? బాలన్నే సగంలో ఆగి కర్ర పెట్టి ఉంటాడని హేమసుందర్ తేల్చేశాడు. అది రుజువైతే శనివారమే బాలన్నను పనిలోంచి తీసేసి, వీసా మీద ఎగ్జిట్ కొట్టించి జగిత్యాల పంపేస్తామన్నాడు మేనేజరు విశ్వనాథం.

"మడుగు ఒడ్డున ఎర్ర రంగు గుర్తు పెట్టిన సార్. పోయి చూస్కోండ్రి" అన్నాడు బాలన్న.

చూస్తాను, అదీ ఒక్కణ్నే వెళ్లి చూస్తానని హేమసుందర్ ఆఫీసంతా వినేలా చెప్పాడు. కొత్త బూట్లు కొన్నాడు. శుక్రవారం పొద్దున్నే జీపు తనే నడుపుకుంటూ వెళ్లాడు.

మొదటి గంట కాలిబాట ఉంది. ఇంత సుళువైన దారికా బాలన్న అంత రొప్పుతూ దిగేవాడు అని నవ్వుకున్నాడు. రెండో గంటలో రాళ్ల వాలు వచ్చింది. రెండడుగులు ఎక్కితే ఒకటిన్నర జారాడు. మూడో గంటకు ఇంజనీరుగారు నాలుగు కాళ్ల మీద నడుస్తున్నారు. అరచేతులు గీరుకుపోయాయి, నీళ్ల సీసా దొర్లి లోయలో పడింది.

చివర్లో రెండు నిలువుల నున్నటి బండ అడ్డొచ్చింది. పగుల్లో కాలు పెట్టి కిందికి చూశాడు. అంతే, పెట్టిన కాలు వెనక్కి తీసేశాడు. మూడుసార్లు ప్రయత్నించి చతికిలబడ్డాడు. తలెత్తితే బండ పైఅంచున ఎర్ర రంగు బాణం, దాని పక్కన వంకరగా 'బా' అన్న అక్షరం. బాణం పైకి చూపిస్తోంది. సగంలో ఆగినవాడు పైకి బాణం వేయడు. హేమసుందర్‌కు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా బాలన్న మీద కోపం వచ్చింది.

కూర్చునే జారుకుంటూ కిందికి దిగాడు. బాణం దాకా వెళ్లాను, ఆపైన నా వల్ల కాలేదు అని ఒక్క మాటంటే బాలన్న ఉద్యోగం నిలబడుతుంది. అంత చిన్న మాటకు ఆయన నోరు పెగలదు.

శనివారం ఆఫీసులో నోరు బాగానే పెగిలింది. పైదాకా వెళ్లాననీ, ఎర్ర గుర్తు కళ్లారా చూశాననీ, మ్యాపే తప్పనీ చెప్పాడు. విశ్వనాథం లేచొచ్చి చేయి కలిపాడు. ఆ ఊపులో ఇంకాస్త ముందుకెళ్లి, ఒడ్డున కూర్చుని నీళ్లలో కాళ్లాడించానని, ఐసులా ఉన్నాయని కూడా వర్ణించాడు. తలుపు దగ్గర నిలబడ్డ బాలన్న అప్పుడు తలెత్తి చూశాడు. ఎగ్జిట్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు కొలవాల్సిన కొత్త గుట్ట కింద ఇద్దరూ జీపు దిగారు. బాలన్న మిషిన్ దింపి నిలబెట్టాడు.

"ఆ మడుగులు బాయిలోలె ఉంటయి సార్. నీళ్లు ఒడ్డుకు ఇద్దరు మనుషులంత లోతుల ఉంటయి. కాళ్లెట్ల అందినయి?"

హేమసుందర్ చుట్టూ చూశాడు. మేనేజరు గారికి చెబుతావా అని గొణిగాడు.

"చెప్తే మల్ల ఎగ్జిట్ నాకే గద. నేనెందుకు చెప్త?" అన్నాడు బాలన్న. జీపులోంచి అద్దం కర్ర తీసి ఆయన చేతిలో పెట్టాడు. "గుట్టలెక్కుడు మీకు మంచిగచ్చింది సార్. పోండ్రి. నేను మిషిన్ కాడ ఉంట."

హేమసుందర్ గుట్ట వైపు చూశాడు. కర్ర భుజాన వేసుకుని నడిచాడు.