తడి దుప్పటి మీద లేవండ్రోయ్

జగ్గయ్యపేటలో ఆ వీధి ఆడవాళ్ళు బట్టలు డాబాల మీద ఆరెయ్యరు. డాబా మీద ఎండకి బట్ట తొందరగా ఆరిపోతుంది. తొందరగా ఆరితే వాళ్ళకి లాభం లేదు. అందుకని పొద్దున్నే పిండిన బట్టలన్నీ తెచ్చి, వీధికి అడ్డంగా చేతికందేంత కిందికి వేలాడుతున్న పాత కేబుల్ వైరు మీద వేస్తారు. ఆ వైరుకి సిగ్నల్ ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా తడిబట్ట తగిలితే చాలు, అందులోంచి ‘లేవండ్రోయ్’ అనే పాత టీవీ షో వస్తుంది. రంగు చీరలైతే మాట ఒక్కటే. తెల్లదైతే బొమ్మ కూడా. పంచె మీద చిన్న బొమ్మ, దుప్పటి మీద పెద్ద బొమ్మ. బట్ట ఆరగానే ఆగిపోతుంది.

వచ్చిన తంటా అంతా అక్కడే. సరిగ్గా షోలో మేక ఇడ్లీ ప్లేటు మీదికి దూకబోయేసరికి దుప్పటి ఒక మూల నుంచి ఆరుకుంటూ వచ్చేది. ముందు మేక తోక పోయేది, తర్వాత మేక పోయేది, చివరికి షో నడిపే ఇశ్రాయేలు మొహంలో సగం మాత్రం మిగిలి, అదీ పోయేది. ఎండాకాలంలో అయితే నమస్కారం చెప్పడానికి కూడా వ్యవధి ఉండేది కాదు.

“నీళ్ళు కొట్టండి అక్కయ్యగారూ, నీళ్ళు! చెంబు ఎక్కడ పెట్టారు?” అని వీధిలో నిలబడి అరిచేవాడు అసలు ఇశ్రాయేలు. జుట్టు తెల్లబడ్డ ఇశ్రాయేలు.

“మున్సిపాలిటీ నీళ్ళు నీ బొమ్మ కోసం పోస్తానా? కాసేపు ఊరుకో ఇశ్రాయేలూ” అనేది దుప్పటి యజమానురాలు భారతీదేవి. అంటూనే చెంబు తెచ్చేది. ఆవిడకి ఆ షో చూడకపోతే కాఫీ దిగదు.

ఇశ్రాయేలు తండ్రి సున్నపురాయి క్వారీలో రాళ్ళు కొట్టాడు. కొడుకు స్తంభాలెక్కి కేబుల్ వైర్లు లాగాడు. గొంతు బాగుందని ఓనరు ఒకరోజు కెమెరా ముందు కూర్చోమంటే, కూర్చోలేదు, గెంతాడు. అలా మొదలైంది లేవండ్రోయ్. బజార్లో ఫ్యాన్సీ షాపు పైన రేకుల గది, పెళ్ళి వీడియోలు తీసే కెమెరా ఒకటి, అంతే సరంజామా. పొద్దున ఏడింటికి వార్తలు చివరి నుంచి మొదటికి చదివేవాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వాతావరణం చెప్పేవాడు. కూరగాయల రేట్లు చెప్పడానికి వచ్చిన వంకాయలమ్మే ఆవిడ రేటు దగ్గర ఫోన్లో ఊరంతటితో పోట్లాడేది. ఎవరిదో మేక మెట్లెక్కి వచ్చి మైకు తీగ నమిలితే, మర్నాటి నుంచి దానికీ ఒక కుర్చీ వేశారు. ఎవరూ ముందుగా రాసుకోలేదు. ఎవరూ ఎవరికీ ఏమీ అమ్మలేదు. ఊరు నవ్వుకుంటూ పళ్ళు తోముకునేది.

అన్నిటికన్నా జనం పడి చచ్చింది ‘తప్పు చెప్పు’ ఆటకి. ఫోన్ చేసినవాళ్ళు అడిగిన మూడు ప్రశ్నలకీ తప్పే చెప్పాలి. నోరుజారి నిజం చెప్పారా, ఇశ్రాయేలు గరిటెతో కంచం మీద టంగుమని కొట్టి శిక్ష వేసేవాడు. మర్నాడు పొద్దున్నించి ఆ మనిషి నోట ఒక్క అబద్ధం రాకూడదు. మళ్ళీ ఇశ్రాయేలు ‘శిక్ష రద్దు’ అనేదాకా అంతే. రాకూడదు అంటే వచ్చేది కాదు. శిక్ష పడ్డ బట్టల కొట్టు ఆసామి ఆ పూట షట్టరు ఎత్తేవాడు కాదు. శిక్ష పడ్డ స్థలాల బ్రోకరు ఊళ్ళో లేనని కూడా చెప్పలేక, తలుపు గడియపెట్టుకుని మంచం కింద కూర్చున్నాడు.

తర్వాత పెద్ద కంపెనీ వచ్చి కేబుల్ మొత్తం కొనేసింది. రేకుల గదికి తాళం పడింది. ఇశ్రాయేలు ఎన్ని చానెళ్ళ చుట్టూ తిరిగాడో. అందరూ గొంతు బాగుందన్నారు, వయసెంత అన్నారు, ఏం చదివావన్నారు. ఇంటిపేరు అడిగి, విని, కబురు చేస్తామన్నారు. ఇంతవరకూ ఏ కబురూ రాలేదు.

ఆయన కూతురు జాయిస్‌కి మాత్రం కబురు వచ్చింది. విజయవాడలో ఒక చానెల్లో పొద్దున షోకి ఆమె యాంకరు. ఇల్లు నడిచేది ఆ జీతంతోనే. అదే ఇశ్రాయేలుకి గొంతులో ముల్లు. ఎందుకంటే ఆ షోలో జాయిస్ పక్కన ఒక రాళ్ళాయన కూర్చుంటాడు. పదివేళ్ళకీ ఉంగరాలు. జనం ఫోన్ చేసి కష్టాలు చెప్పుకుంటారు. ఆయన ఒక రాయి చూపిస్తాడు. జాయిస్ నవ్వుమొహం పెట్టి, “తప్పకుండా తగ్గుతుందండి, కింద కనిపించే నంబరుకి ఫోన్ చెయ్యండి” అంటుంది.

శనివారం సాయంత్రం జాయిస్ బస్సు దిగి ఇంటికొచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, తండ్రి మొదలుపెట్టాడు.

“ఈ వారం ఎన్ని రాళ్ళు అమ్మించావు?”

“నాన్నా, ఇప్పుడే వచ్చా.”

“మా నాన్న రాళ్ళు కొట్టి చచ్చాడు. నువ్వు రాళ్ళు అమ్మి బతుకుతున్నావు. మన వంశానికి ఈ రాళ్ళ పీడ వదలదా?”

“నువ్వు మేకతో గెంతావుగా, ఏం మిగిలింది?” జాయిస్‌కీ ఒళ్ళు మండింది. “నువ్వు వేసుకునే బీపీ బిళ్ళలు ఆ రాళ్ళతోనే వస్తున్నాయి.”

“జనాన్ని నవ్వించా నేను! ఊరంతటినీ నిద్ర లేపా!”

“ఊరందర్నీ లేపావయ్యా” అంది రత్నమణి వంటింట్లోంచి, “మన పిల్లని బడికి లేపింది మాత్రం నేను.”

సరిగ్గా అప్పుడే రాంబాబు గుమ్మంలోకొచ్చాడు. ఒకప్పుడు ఇశ్రాయేలుతో స్తంభాలెక్కినవాడే. ఇప్పుడు కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు.

“అన్నా, నా మీద అరవనంటే ఒక మాట చెప్తా. చచ్చిపోయిన వైర్లన్నీ లాగెయ్యమన్నారు. రేపు మధ్యాహ్నం మీ వీధి.”

“చచ్చిపోయిందా? పొద్దున వచ్చి చూడు, ఎవరు చచ్చారో!”

“నాకు తెలీదా అన్నా? మా ఆవిడ లంగాలు కూడా దానిమీదేగా ఆరేసేది. నేను లాగకపోతే ఇంకోడు లాగుతాడు.”

ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా బట్టలు నానబెట్టింది. ఉతికినవి కూడా మళ్ళీ తడిపారు. అదృష్టం, మబ్బు పట్టి ఉంది. భారతీదేవి ఇంట్లో ఉన్న పెద్ద దుప్పటి సరిగ్గా పిండకుండానే వైరు మీద వేసింది. చర్చికి తయారైనవాళ్ళు బైబిళ్ళు చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

దుప్పటి మీద నల్లజుట్టు ఇశ్రాయేలు మేకకి కండువా కడుతున్నాడు. బల్లమీద ఫోను మోగడం లేదు. “ఏందర్రా, ఊరంతా చచ్చిందా? తప్పు చెప్పేవాళ్ళే లేరా పేటలో?” అని కేకలేస్తున్నాడు.

అవి పాత ఎపిసోడ్లు కావు, కొత్తవీ కావు. దుప్పటిలో వాళ్ళకి ఎప్పుడూ ఆ రోజుల్లోని పొద్దున్నే, అంతే. వీధిలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు సెల్లు తీసి ఆ పాత నంబరు నొక్కినవాళ్ళే. ఎప్పుడు నొక్కినా ఎంగేజే. జాయిస్ మాత్రం సెల్లులో ఎప్పుడూ నొక్కలేదు. ఆ రోజు, ఎందుకో ఆమెకే తెలీదు, ఫోన్ తీసి నొక్కింది. నంబరు వేళ్ళకి గుర్తుంది.

దుప్పటిలో ఫోను మోగింది.

“లేవండ్రోయ్! తప్పు చెప్పు! నీ పేరేంటమ్మా?” అన్నాడు నల్లజుట్టు ఇశ్రాయేలు.

జాయిస్ “సుస్మిత” అంది.

“మంచి తప్పు! ఏ ఊరు?”

“నందిగామ.”

వీధి చప్పట్లు కొట్టింది. తెల్లజుట్టు ఇశ్రాయేలు మాత్రం కూతురి వంకా దుప్పటి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఆఖరిది. ఎవరమ్మాయివి?”

ఏదో ఒక పేరు చెప్తే అయిపోయేది. భారతీదేవి వెనకనుంచి “కలెక్టరు గారమ్మాయిననవే” అని అందిస్తోంది కూడా. జాయిస్ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

“మీ అమ్మాయినే.”

దుప్పటిలో ఆయన గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. “మా అమ్మాయికి ఏడేళ్ళు” అన్నాడు.

“ఆ అమ్మాయినే.”

నల్లజుట్టు ఇశ్రాయేలు దుప్పటిలోంచి వీధిలోకి చూశాడు. మేక కుర్చీ దిగి ఎటో పోయింది, పట్టించుకోలేదు. దుప్పటి పైఅంచు ఆరడం మొదలైంది.

“నిజం చెప్పింది” అన్నాడు చివరికి, మెల్లగా. టంగుమని కంచం మోగింది. “శిక్ష!”

రత్నమణి చెంబుతో పరిగెత్తుకొచ్చేసరికి బొమ్మ లేదు.

మధ్యాహ్నం రాంబాబు వచ్చి ఎవరి మొహమూ చూడకుండా వైరు లాగి చుట్ట చుట్టి ట్రాలీలో వేసుకుని పోయాడు. సాయంత్రం బస్సుకి జాయిస్ విజయవాడ వెళ్ళిపోయింది. తండ్రీకూతుళ్ళు శిక్ష సంగతి ఎత్తలేదు. ఆమె సెలవు పెట్టే వీలు లేదు. ఆయనకి రద్దు అనే మాట తోచలేదు. తోచినా నోరు రాలేదేమో.

సోమవారం పొద్దున ఎన్నడూ లేనిది ఇశ్రాయేలు కూతురి షో పెట్టుకుని కూర్చున్నాడు. చందర్లపాడు దగ్గర్నుంచి ఒక ముసలావిడ ఫోన్ చేసింది.

“అమ్మా, మా ఆయనకి కిడ్నీలు పాడైనయ్యి. వారానికి రెండుసార్లు సూదులు పొడిపించుకోలేక ఏడుస్తన్నాడు. ఆస్పత్రి మానిపించి స్వామిగారి రాయి పెడితే తగ్గుద్దా తల్లీ?”

రాళ్ళాయన కళ్ళు మూసుకుని పచ్చరాయి ఒకటి పైకెత్తాడు. జాయిస్ నవ్వుమొహం పెట్టింది. పెదాలు ‘తప్పకుండా’ అనడానికి గుండ్రంగా, తిన్నగా, ఎన్ని రకాలుగానో తిరిగాయి. మాట రాలేదు. వచ్చింది వేరే.

“తగ్గదండి. ఆస్పత్రి మానిపిస్తే ఆయన చచ్చిపోతారు. ఈ రాయి గాజు.”

రాళ్ళాయన కళ్ళు తెరిచాడు. వెంటనే ఎముకల నూనె యాడ్ వచ్చింది. యాడ్ తర్వాత జాయిస్ లేదు.

“అదీ! అదీ నా కూతురంటే!” ఇశ్రాయేలు కుర్చీలోంచి గెంతాడు, పాతికేళ్ళ కిందట గెంతినట్టు. గెంతి దిగేసరికి ఎదురుగా రత్నమణి నిలబడి ఉంది.

“గెంతు. వచ్చే నెల నుంచి బియ్యం కూడా గెంతే తెద్దువుగాని” అంది.

ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

పదకొండు దాటాక హైవే మీద చిల్లకల్లు దగ్గర జాయిస్ బస్సు దిగింది. తండ్రి ఎండలో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ పేట ఆటో కోసం చెట్టు లేని చోట నిలబడ్డారు. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

“ఏమన్నారు?”

“రేపు షోలో క్షమాపణ చెప్పమన్నారు. ఒంట్లో బాగోక ఏదో వాగానని చెప్పాలి. రాయి నిజమైందని చెప్పాలి. చెప్తే ఉద్యోగం ఉంచుతారు.” చున్నీతో మొహం తుడుచుకుంది. “ఈ నోటితో చెప్పలేను నాన్నా. రద్దు చెయ్యి. శిక్ష వేసినవాడివి నువ్వే. వైరు పోయింది, ఇంక రద్దు చెయ్యగలిగేదీ నువ్వే.”

ఇశ్రాయేలు తల గోక్కున్నాడు. నిజం తప్ప ఏదీ చెప్పలేని మనిషి ఎదురుగా దొరికితే ఎవడికైనా ఆశ పుడుతుంది.

“చేస్తా. ముందు ఒకటి చెప్పు. నా షో బాగుండేది కదూ?”

“ఊరికి బాగుండేది. నాకు దాన్ని చూస్తే అసహ్యం.”

లారీ ఒకటి పోయింది. ఆయన మళ్ళీ అడగక్కర్లేకుండానే చెప్పింది. “పొద్దున లేచేసరికి నువ్వు ఉండేవాడివి కాదు. టీవీలో ఉండేవాడివి. క్లాసులో అందరూ మీ నాన్న భలే నవ్విస్తాడే అనేవాళ్ళు. ఆ మేకకి పెట్టినట్టు నాకు ఒక్కనాడైనా ఇడ్లీ పెట్టావా?”

ఇశ్రాయేలుకి అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలీలేదు. ఇరవై ఏళ్ళుగా కంపెనీ మీద, చానెళ్ళ మీద, ఎండ మీద అరిచి అరిచి అలవాటైన గొంతు అది.

“మరి ఆ నంబరుకి ఎందుకు చేసావే నిన్న?”

“చిన్నప్పుడు రోజూ చేసేదాన్ని. బడికెళ్ళే ముందు భారతీదేవి అత్తయ్యగారింట్లో ఫోన్ నుంచి. రోజూ ఎంగేజే. నిన్నయినా నువ్వు ఎత్తుతావేమోనని.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. ‘శిక్ష’ అన్న మాట బయటికొచ్చింది. తర్వాతి మాట దగ్గర ఆగి, కూతురి వైపు తిరిగాడు.

“నీకు మళ్ళీ అక్కడికి వెళ్ళాలనుందా?”

ఉందని చెప్పాలి. ఇల్లుంది, బిళ్ళలున్నాయి, అమ్మ ఉంది. జాయిస్ నోరు తెరిచింది.

“లేదు” అంది. ఆ మాట విని ముందు ఉలిక్కిపడింది తనే.

ఇశ్రాయేలు నాలుక మీదున్న రద్దుని మింగేశాడు. మింగడం కష్టమే అయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆటో వచ్చి వాళ్ళ ముందు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టాడు.

“పేటకేనా అమ్మా?”

“పేటకే” అంది జాయిస్.