మామ్మ మందాకుకు తాళం

మా మామ్మ అచ్చియమ్మ ఆకు నూరి కట్టు కడితే విరిగిన ఎముక అతుక్కుంటుందని చింతపల్లి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు జీపులెక్కి మరీ వచ్చేవాళ్లు. ఆ ఆకు ఏదో ఎవరికీ తెలియదు. బయటికి చెబితే మందు పనిచేయదని మామ్మ నమ్మకం. నమ్మకం సంగతేమోగానీ, భయం మాత్రం నిజమే. ఇదివరకు ఒక గడ్డ పేరు సంతలో బయటపడితే బయటి వ్యాపారులు బస్తాలకు బస్తాలు తవ్వించుకుపోయారు. ఇప్పుడది కొండ మీద విత్తనానిక్కూడా లేదు.

ఈ చలికాలం మామ్మ బాగా నీరసపడింది. చెప్పకుండా పోతే ఆకు ఆమెతోనే పోతుంది. చెబితే కొండ బోసిపోతుంది. నేను మహిళా సంఘంలో కాఫీ రైతుల వివరాలు కంప్యూటర్‌కి ఎక్కిస్తాను కదా, నా తెలివి కాస్త ఇంట్లోనూ చూపించాను.

“మామ్మా, నీ ఫోన్‌లో సెప్పు. నీ మాట ఇక్కడే తాళం పడి, ఆ తర్వాతే క్లౌడ్‌లోకి ఎల్తాది.”

“క్లౌడంటే ఎవుడిల్లు?”

“ఏదో కంపెనీ కంప్యూటర్లు. ఫోన్ పోయినా నీ మాట అక్కడ బద్రంగా ఉంటాది.”

“మరి ఆల్లు ఇనరా?”

“ఇనలేరు. తాళంచెవి ఆల్ల దగ్గరుండదు. నువ్వెవుల పేరు సెప్తే ఆల్ల ఫోన్‌లోనే తెరుచుకుంటాది. నాక్కూడా ఇనపడదు.”

మామ్మ మిరియాల పాదుల వైపు వెళ్లి ఒంటరిగా చాలాసేపు ఫోన్‌తో మాట్లాడింది. తిరిగొచ్చాక, ఎవరి పేరు పెట్టమంటావని అడిగాను. నా పేరే చెబుతుందని ధీమాగా ఉన్నాను.

“మీ అమ్మ పేరెట్టు.”

నాకు ఒళ్లు మండింది. మా అమ్మ రత్నాలు ఎంగిలి చేత్తో కాకిని తోలదు. పైగా అత్తాకోడళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ.

“అమ్మకా? పొద్దస్తమానూ తగువులాడుకుంటారు కదా!”

“నీది మెత్తని మనసే గుంటా. నవ్వుతా అడిగితే ఏటైనా ఇచ్చేత్తావు. అది ఎవుడికీ ఏటీ ఇవ్వదు. కానీ కాలిరిగి మూలిగినోడు గుమ్మంలోకొత్తే అన్నం మానేసి లేత్తాది. కట్టు కట్టినప్పుడల్లా ఎవులు పట్టుకున్నారు, నువ్వా?”

నిజమే. ఆ కాలో చెయ్యో కదలకుండా పట్టుకుని కూర్చునేది అమ్మే. నేను అరుపులు వినలేక పెరట్లోకి పారిపోయేదాన్ని.

మామ్మ చేత వేలిముద్ర వేయించి అమ్మ పేరు చేర్చాను. నా ఫోన్‌లో ఆ ఫైలు నొక్కి చూస్తే తాళం బొమ్మ, దాని కింద ‘పర్మిషన్ లేదు’ అన్న మాట తప్ప ఏమీ లేదు. అమ్మ వేలు ఆనించగానే ఆమె ఫోన్‌లో తెరుచుకుంది. దాన్ని చెవికి పెట్టుకుని పెరట్లోకి వెళ్లింది. వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఆకు గురించి ఏడుపెందుకమ్మా?”

“ఆకు గురించి కొంచెమే సెప్పింది. మిగతాదంతా నా గురించే.”

“ఏటి సెప్పింది?”

అమ్మ ముక్కు చీదుకుని పొయ్యి దగ్గరికి పోయింది. అన్నం తింటున్న మామ్మ కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె పులుసు వేసి నా వైపు తిరిగింది.

“నీకు పరిమిషన్ నేదు.”

మామ్మ పొలమారేదాకా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.