ఆపినవాడు

ఆక్రా నగరంలోని బుకోమ్ పేటలో ఒకప్పుడు బాక్సింగుకు ఒడార్టే పేరే చెప్పేవారు. ఇప్పుడతను రెండు లారీల యజమాని. ఆక్రా రేవు నుంచి దూరాన ఉన్న కుమాసీ పట్నానికి చేపలు తోలిస్తాడు.

ఆ ఉదయం ఒక లారీ చెడిపోయి దారిలోనే ఉండిపోయింది. ఉత్తరాదికి పోయిన రెండో లారీని డ్రైవర్ తావియా రాత్రంతా నడుపుకొచ్చాడు. చేపల వ్యాపారి కోర్కోర్ తన సరుకును మంచులో సిద్ధం చేసుకుని నిలబడింది.

"కుమాసీకి పోయొస్తా, అన్నా. నాకు నిద్ర రావట్లేదు" అంటూ తావియా తలుపు పిడి కోసం చెయ్యి చాచాడు. పిడి అందలేదు, చెయ్యి గాల్లోకి పోయింది.

ఒడార్టే అది చూశాడు. తన ఆఖరి పోటీలో, తొమ్మిదో రౌండుకు ముందు, నీళ్ల సీసా కోసం తన చెయ్యి కూడా అలాగే పోయింది. పాయింట్లలో ముందున్నది తనే. అయినా గురువు క్వాతే పోటీ ఆపేశాడు. బెల్టు పోయింది, విదేశీ అవకాశాలూ పోయాయి. ఆనాటి నుంచి ఒడార్టే ఆయన గడప తొక్కలేదు.

"తాళాలు ఇటివ్వు. పడుకో, పో."

"అందరి ముందూ నన్ను చేతకానివాణ్ణి చేస్తావా?"

"ఏమైనా అనుకో. ఇవ్వు."

"నీ డ్రైవర్‌కి జోలపాట పాడుకో నాయనా. ఇంకెప్పుడూ నా సరుకు నీ బండి ఎక్కించను" అని కోర్కోర్ పెట్టెలన్నీ మరొకరి లారీలోకి మార్పించింది.

ఆ లారీ క్షేమంగా చేరింది. మర్నాడు తావియా వచ్చి, "చూశావా, దారిలో ఏమీ కాలేదు. నేనైనా చేర్చేవాణ్ణి" అని చెప్పి, కోర్కోర్ సరుకు తోలే లారీలోనే పనికి కుదిరాడు.  తను చేసింది మంచేనని చూపించడానికి ఒడార్టే దగ్గర ఏముంది?

ఆ సాయంత్రం ఒడార్టే, క్వాతే నడిపే వ్యాయామశాలకు వెళ్లాడు. ముసలాయన బల్ల మీద కూర్చుని కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్దను మిరప పచ్చట్లో అద్దుకుంటున్నాడు.

"దారి తప్పి వచ్చావా, బాబూ?"

"ఒకటి అడగాలి మాస్టారూ. ఆరోజు ఆపకపోతే నాకేమయ్యేదో మీకు తెలుసా?"

"తెలీదు."

"మరి ఎలా ఆపారు?"

"నీ కళ్లు చూశాను. నాకు భయమేసింది, ఆపాను. నువ్వు గెలిచేవాడివేమోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను."

 ఆయన తనను తిట్టుకోమన్నా, క్షమించమన్నా ఒడార్టేకి తేలిగ్గా ఉండేది. చివరికి ఆయన పక్కనే కూర్చున్నాడు.

"నిన్న నా డ్రైవర్ని ఆపాను. వాడు నన్ను వదిలిపోయాడు."

క్వాతే తల ఊపి, తన పళ్లెంలోని చేపముక్క అతని వైపు జరిపాడు. "తిను" అన్నాడు.