దూది లేని పిలుపు

ఆ రెక్కల పురుగులకు రాత్రి ఉదయం పదకొండింటికి మొదలవుతుంది. గదిలో దీపాల వేళలు తలకిందులు చేసి, వాటి రాత్రిని తన పగటిలోకి తెచ్చుకున్నది ఆ పరిశోధకురాలే. ఎర్రని మసక వెలుతురులో పొడవాటి గాజు సొరంగం. ఈ చివర ఫ్యాను. దాని పక్కనే ఆవిడ కుర్చీ. ఫ్యానుకు ముందు, సన్నని తీగకు రోజూ ఒక దూది ఉండ. దూది మీద ఆవిడ మూడేళ్ళుగా కలిపి, పారబోసి, మళ్ళీ కలిపిన మిశ్రమం ఒక్క చుక్క. ఆ చివర మగ పురుగు. ఆడ పురుగు విడిచే పిలుపు వాసనకు ఈ చుక్క సరిసాటి అని ఆవిడ వ్యాసం చెబుతోంది. ఆ వ్యాసం సాయంత్రంలోగా పత్రికకు చేరాలి.

ఆనాటి ఆఖరి పురుగు ఈకల్లాంటి మీసాలు విప్పింది. రెక్కలు వణికించి, వేడెక్కి, లేచింది. వాసన దారి తప్పినప్పుడల్లా అటూ ఇటూ ఊగి వెతుక్కుంటూ, గాలికి ఎదురీది వచ్చి తీగ మీద వాలింది. ఆవిడ పుస్తకంలో టిక్కు పెట్టింది. దూది తీయబోయి ఆగిపోయింది.

తీగకు దూది లేదు. ఆ రోజు పెట్టడమే మరచిపోయింది. మిశ్రమం సీసా ఫ్రిజ్‌లోనే ఉంది.

మరి పిలిచింది ఎవరు?

అదే సమయానికి, పక్క భవనంలో గ్రంథాలయం చూసే ఆడపడుచు భోజనం డబ్బాలతో వచ్చింది. సంగతి విని నవ్వాపుకోలేకపోయింది.

"మా అన్నయ్య ఒక్కడు చాలడా వదినా? ఈ మగాళ్ళందరినీ కూడా వెంట తిప్పుకుంటున్నావు!"

"నవ్వకు. నా కొంప మునిగేలా ఉంది."

"మునగడానికేముంది? మా చంటిది లేదూ? నేనిటు రాగానే గుక్కపట్టి ఏడుస్తుందని అమ్మ నా మాసిన దుప్పటి పక్కన పడేస్తుంది. ముక్కు అందులో దూర్చి హాయిగా నిద్రపోతుంది. నేనున్నాననుకుంటుంది, పిచ్చిది."

"పిచ్చిది కాదే. నువ్వు కొంత ఆ దుప్పట్లో ఉన్నట్టే." అన్నాక ఆ మాట ఆవిడకే తగిలింది. పొద్దున్నే ఆడ పురుగుల బోనుల మీద వంగి పని చేస్తుంది. తర్వాత చేతులు కడుగుతుంది, కోటు మారుస్తుంది, చేతి తొడుగులు మారుస్తుంది. మెడలోని కళ్ళజోడు తాడు మాత్రం రెండు గదుల్లోనూ అదే.

"నువ్వెప్పుడైనా ఆడ పురుగుల గదిలోకి వెళ్ళావా?"

"చంపినా వెళ్ళను."

"అయితే ఈ పూట నా కుర్చీ నీది."

నల్ల తెరలు తీయకుండానే, పాత వాసన పోవాలని గది కిటికీలు అరగంట తెరిచి ఉంచారు. మిశ్రమం చుక్కతో కొత్త దూది తీగకెక్కింది. ఆడపడుచు ఫ్యాను పక్కన రాణిలా కూర్చుంది. ఆవిడ బయట, తలుపు అద్దానికి నుదురు ఆనించి నిలబడింది.

మొదటి పురుగు లేచి, ఊగి, సగం దారిలో నేలకు దిగింది. రెండోది అంత కూడా రాలేదు. నాలుగోదైనా వాలాలని మనసు వేడుకుంది. అలా వేడుకుంటున్న మనసును చూసి ఆవిడ సిగ్గుపడింది. తాను చూస్తున్నది పురుగునా, తన పేరునా? ఐదోది కూడా రాలేదు.

తర్వాత దూది తీయించి, దాని స్థానంలో కళ్ళజోడు తాడు వేలాడదీయించింది. ఐదుకు ఐదూ వచ్చి వాలాయి.

తాడు చేతికి రాగానే ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. మనిషి ముక్కులో వాసనలు పట్టే కొన్ని వందల రకాల తాళాలున్నాయి. ఒక్కో వాసన కొన్నింటిని కొద్దికొద్దిగా కదిపితే, ఆ కదలికల కూర్పును బట్టి మనసు ఇది ఫలానా అని పోల్చుకుంటుంది. ఈ తాడుకు వాటిలో ఒక్కటీ కదల్లేదు. పురుగు మీసం మీద మాత్రం వేల వెంట్రుకలు ఈ ఒక్క పిలుపు కోసమే కాచుకుని ఉంటాయి. నాలుగంటే నాలుగు అణువులు తాకినా వాటికి కబురు అందుతుంది. మూడేళ్ళలో ఆ పురుగులు ఒక్కసారీ పొరబడలేదు. అసలైన పిలుపు దగ్గరికే వచ్చాయి. పొరబడింది టిక్కులు పెట్టిన చేయి.

"అయితే వ్యాసం?" ఆడపడుచు గొంతు తగ్గించింది.

"వెళ్ళదు."

"మూడేళ్ళు వదినా!"

"అవును." ఆవిడ వ్యాసం మొదటి పేజీ తెరిచింది. 'సరిపోతుంది' అన్న చోట కొట్టేసి 'సరిపోదు. ఇంకేదో ఉంది' అని రాసింది. ఆ చిన్న ప్రాణికి తెలిసి తనకు తెలియని ఆ ఇంకేదో ఏమిటన్న ఊహతో ఆవిడ కళ్ళు మెరిశాయి. మెరుస్తూనే తడిశాయి.

"రేపు కూడా వచ్చి కూర్చుంటావా?"

"ఊరికే కూర్చోవడమేగా? ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. ముందు అన్నం తిను."